ర్యాంపు కార్మికుల యూనియన్: మా ఒక్క స్టేషన్ వరకు పెట్టుకోవడం ఎందుకు కుదరదు?

ప్రశ్న – ర్యాంపు ఉద్యోగి

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక పెద్ద విమానయాన సంస్థలో ర్యాంపు మీద, అంటే విమానాలు నిలిపే చోట, పనిచేస్తున్నాను. సామాను ఎక్కించడం, దించడం, బెల్ట్ లోడర్లూ టగ్గులూ నడపడం, విమానాన్ని గేటు దగ్గరి నుంచి వెనక్కి నెట్టడం, చలికాలంలో రెక్కల మీది మంచును తొలగించడం మా పని. సంస్థ పేరూ ఊరి పేరూ ఇక్కడ చెప్పడం లేదు. కారణం మీరు అర్థం చేసుకోగలరు.

కొంతకాలంగా మా స్టేషన్‌లో, అంటే మేము పనిచేసే విమానాశ్రయంలో, యూనియన్ కావాలని తెలిపే కార్డుల మీద సంతకాలు సేకరిస్తున్నాము. ఇక్కడ ర్యాంపు మీద పనిచేసేవారిలో చాలా ఎక్కువమంది సంతకాలు చేశారు. ఇక ఎన్నిక పెట్టించడమే తరువాయి అనుకున్నాము. కాని దేశంలోని మిగతా స్టేషన్లన్నీ కలుపుకొని సగం మంది సంతకాలు వస్తే తప్ప దరఖాస్తు పెట్టడం కుదరదని యూనియన్ తరఫున మాతో పనిచేస్తున్నవారు అంటున్నారు. మాలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. గిడ్డంగుల్లోనూ కాఫీ దుకాణాల్లోనూ ఒక్కొక్క భవనంలోని ఉద్యోగులే విడిగా యూనియన్ పెట్టుకుంటున్నట్టు వార్తల్లో చూస్తున్నాము కదా, ఆ వీలు మాకెందుకు లేదు?

ఇంకొక సందేహం కూడా ఉంది. యాజమాన్యం ప్రతి షిఫ్టు మొదట్లోనూ సమావేశం పెట్టి, యూనియన్ వస్తే ఇప్పుడున్న జీతాలూ వసతులూ అన్నీ పక్కన పెట్టి సున్నా నుంచి బేరం మొదలుపెట్టవలసి వస్తుందని చెబుతున్నది. ఇది నిజమేనా? మాలో గ్రీన్ కార్డు మీద ఉన్నవారూ, వర్క్ పర్మిట్ మీద ఉన్నవారూ సంతకం చేయడానికి వెనుకాడుతున్నారు. వారికి నేనేం చెప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

సమాధానం – మాజీ ఆర్గనైజింగ్ కమిటీ సభ్యురాలు

మీ స్టేషన్‌లో అంతమంది చేత సంతకం చేయించడం చిన్న పని కాదు, ముందుగా అభినందనలు. నేను మరొక సంస్థలో బ్యాగేజీ విభాగంలో పనిచేసినప్పుడు ఇటువంటి కమిటీలో ఉన్నాను కాబట్టి మీ విసుగు నాకు బాగా తెలుసు. కాని అడ్డంకి మీ యూనియన్ వారి పద్ధతిలో లేదు, చట్టంలోనే ఉంది.

గిడ్డంగులకూ కాఫీ దుకాణాలకూ వర్తించేది 1935 నాటి నేషనల్ లేబర్ రిలేషన్స్ యాక్ట్. దాని కింద ఒక్క భవనంలో పనిచేసేవారు కూడా ఒక విభాగంగా నిలబడవచ్చు, వారిలో 30 శాతం మంది సంతకాలుంటే ఎన్నిక అడగవచ్చు. విమానయాన సంస్థలు ఆ చట్టం పరిధిలోకి రావు. వాటికి వర్తించేది 1926లో రైలు కంపెనీల కోసం చేసిన రైల్వే లేబర్ యాక్ట్. 1936లో దానిని విమానయానానికి కూడా విస్తరించారు. కార్మిక వివాదం వల్ల దేశంలో రవాణా ఆగిపోకూడదన్నది ఆ చట్టం వెనుక ఉన్న ప్రధానమైన ఆలోచన. అందుకే అది స్టేషన్లను విడివిడిగా చూడదు. ఒక సంస్థలో ఒకే రకం పని చేసేవారందరినీ, వారు ఏ విమానాశ్రయంలో ఉన్నా సరే, ఒకే వృత్తి వర్గంగా లెక్కిస్తుంది. ర్యాంపు, బ్యాగేజీ, కార్గో పనులు చేసేవారు సాధారణంగా ఫ్లీట్ సర్వీస్ అనే వర్గంలోకి వస్తారు. కౌంటర్లలోనూ గేట్లలోనూ ఉండేవారిది వేరే వర్గం, మెకానిక్కులది మరొకటి. మీ స్టేషన్‌లో నూటికి నూరు మంది సంతకం చేసినా, దేశవ్యాప్తంగా మీ వర్గం మొత్తంలో సగం మంది కార్డులు లేకపోతే, ఈ ఎన్నికలు జరిపే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డు ఎన్నికకు అనుమతించదు.

ఆ సగం అన్నది కూడా ఎప్పటినుంచో ఉన్న నిబంధన కాదు. యూనియన్ లేని ఉద్యోగులు 35 శాతం కార్డులతో ఎన్నిక అడిగే వీలు పూర్వం ఉండేది. 2012లో విమానయాన శాఖకు సంబంధించిన ఒక చట్టంలో భాగంగా కాంగ్రెస్ దానిని 50 శాతానికి పెంచింది. దానికి రెండేళ్ల ముందు, 2010లో, బోర్డు ఉద్యోగులకు మేలు చేసే మార్పు ఒకటి చేసింది. అంతకు మునుపు ఓటు వేయనివారందరినీ యూనియన్ వద్దన్నవారిగానే లెక్కించేవారు, అంటే ఓటు హక్కున్న వారందరిలో సగానికి పైగా లేచి వచ్చి ఓటు వేస్తే గాని గెలుపు లేదు. ఇప్పుడు పోలైన ఓట్లలో ఆధిక్యం చాలు. ఈ రెండు మార్పులనూ కలిపి చూస్తే నాకు తోచేది ఏమిటంటే, అసలు పోరాటం ఓటింగు రోజుల్లో కన్నా కార్డులు సేకరించే నెలల్లోనే జరుగుతున్నది.

కార్డుల విషయంలో మరికొన్ని కఠినమైన షరతులున్నాయి. సంతకమూ తేదీ రెండూ ఉద్యోగి స్వదస్తూరీతోనే ఉండాలి. ఏడాది దాటిన కార్డు చెల్లదు. బోర్డు ఆ సంతకాలను సంస్థ పంపిన నమూనా సంతకాలతో సరిపోల్చి చూస్తుంది. ఎవరెవరు సంతకం చేశారన్నది మాత్రం యాజమాన్యానికి చెప్పదు, ఆ గోప్యతను బోర్డు పాటిస్తుంది. భయపడుతున్న మీ సహోద్యోగులకు ఈ మాట తప్పకుండా చెప్పండి. ర్యాంపు మీద ఉద్యోగులు తరచుగా మారుతుంటారని మీకు తెలియనిది కాదు. ఈ వసంతంలో సంతకం చేసిన పార్ట్‌టైమ్ ఉద్యోగి శీతాకాలానికి మానేస్తే ఆ కార్డు కూడా అతనితోపాటే పోతుంది. పైగా మొత్తం ఎంతమంది ఉన్నారో తెలిపే అధికారిక జాబితా దరఖాస్తు పెట్టే వరకు యూనియన్ చేతికి రాదు. కాబట్టి సరిగ్గా సగం దగ్గర దరఖాస్తు పెట్టడం తొందరపాటు. సగం కన్నా బాగా ఎక్కువ ఉండాలని మీ వారు పట్టుబడితే అది భయమో జాప్యమో అనుకోకండి, వారు చేస్తున్నది సరైన పని.

ఓడిపోతే ఏమవుతుందన్నది మీరు అడగలేదు గాని, అడగవలసిన ప్రశ్న. ఓడిన తరువాత ఏడాదిపాటు అదే వర్గానికి మళ్లీ దరఖాస్తు పెట్టడానికి వీలుండదు. ఆ ఏడాదిలో పాత కార్డులన్నీ చెల్లకుండా పోతాయి, అంటే మళ్లీ మొదటి నుంచి సేకరించుకోవాలి. జెట్‌బ్లూలో గ్రౌండ్ ఉద్యోగులు 2023లో ఐఏఎం అనే మెషినిస్టుల యూనియన్‌ను ఓటింగులో తిరస్కరించారు. డెల్టాది ఇంకా బాధాకరమైన కథ. 2008లో నార్త్‌వెస్ట్ సంస్థ డెల్టాలో కలిసినప్పుడు నార్త్‌వెస్ట్ ర్యాంపు కార్మికులకు ఐఏఎం ప్రాతినిధ్యం ఉండేది, డెల్టా వారికి లేదు. 2010లో ఇద్దరినీ కలిపి జరిపిన ఎన్నికలో యూనియన్ ఓడిపోయింది. దాంతో అప్పటికే యూనియన్ ఉన్న వారికి కూడా అది లేకుండా పోయింది. అదే ఏడాది డెల్టా విమాన సహాయకుల ఎన్నికలో 9,216 మంది యూనియన్ కావాలన్నారు, 9,544 మంది వద్దన్నారు. తేడా 328 ఓట్లు మాత్రమే. 2022 నవంబరులో మూడు యూనియన్లు కలిసి అక్కడ మళ్లీ ప్రయత్నం మొదలుపెట్టాయి: ర్యాంపు, కార్గో వారి కోసం ఐఏఎం, విమాన సహాయకుల కోసం ఏఎఫ్‌ఏ, మెకానిక్కుల కోసం టీమ్‌స్టర్లు. ఒక్కసారి ఓడితే మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎంతకాలం పడుతుందో ఆ తేదీలే చెబుతున్నాయి.

సమాధానం – కార్మిక చట్టాలు చదువుతున్నవాడు

పై సమాధానంలో చెప్పిన లెక్కలతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీరడిగిన మిగతా రెండు విషయాల గురించి చెబుతాను. నేను న్యాయవాదిని కాను. మీ స్టేషన్‌లో ఎవరినైనా బెదిరించడమో తీసివేయడమో జరిగితే వెంటనే యూనియన్ న్యాయవాదితో మాట్లాడండి.

రైల్వే లేబర్ యాక్ట్ రెండో సెక్షన్ ప్రకారం ఉద్యోగులు తమ ప్రతినిధులను ఎన్నుకోవడంలో యాజమాన్యం జోక్యం చేసుకోకూడదు, ఒత్తిడి తేకూడదు, బలవంతం చేయకూడదు. ఇది కాగితం మీది హక్కు మాత్రమే కాదు. టెక్సాస్ అండ్ న్యూ ఆర్లియన్స్ రైలు కంపెనీ తన గుమాస్తాల యూనియన్‌ను పక్కకు నెట్టి తాను పెంచిన సంఘాన్ని నిలబెట్టబోతే, 1930లో సుప్రీంకోర్టు ఈ చట్టం ఆధారంగానే గుమాస్తాల పక్షాన తీర్పు ఇచ్చింది. అయితే ఒక లోపముంది. గిడ్డంగి కార్మికుడిని యూనియన్ కారణంగా తీసివేస్తే అతని ఫిర్యాదును విచారించి నడిపించే ప్రభుత్వ సంస్థ ఉంది. మీకు అటువంటిది లేదు, ఫెడరల్ కోర్టుకు మీరే వెళ్లాలి. మీడియేషన్ బోర్డు చేయగలిగింది ప్రధానంగా ఎన్నిక వాతావరణాన్ని యాజమాన్యం చెడగొట్టిందా అని పరిశీలించడం, చెడగొట్టిందని తేలితే మళ్లీ ఎన్నిక జరిపించడం. అందువల్ల ఏ సమావేశంలో ఎవరు ఏమన్నారో అదే రోజు తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఏడాది తరువాత గుర్తున్నదాన్ని బట్టి చెప్పే సాక్ష్యం కన్నా ఆ రోజే రాసిన నాలుగు వాక్యాలకు విలువ ఎక్కువ.

ఈ హక్కు పౌరులకు మాత్రమే అని చట్టంలో ఎక్కడా లేదు. పని చేయడానికి అనుమతి ఉండి మీ వర్గంలో పనిచేస్తున్న ప్రతి ఉద్యోగీ కార్డు మీద సంతకం చేయవచ్చు, ఓటు వేయవచ్చు. అయినా వర్క్ పర్మిట్ గడువు దగ్గర పడుతున్న మనిషి జంకడం సహజం. అటువంటివారిని పదే పదే ఒత్తిడి చేయవద్దని నా మనవి. వారికి విషయం చెప్పి, నిర్ణయం వారికే వదిలేయండి.

ఇక సున్నా నుంచి బేరం అన్న మాట. ఇందులో కొంత నిజమూ ఉంది, కొంత బెదిరింపూ ఉంది. 1942లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో వాదులు జాక్సన్‌విల్ రైలు టెర్మినల్‌లో ప్రయాణికుల సామాను మోసే కూలీలు, అంటే మీ పనికి దగ్గరి బంధువులే. మొదటి ఒప్పందం కుదరక ముందు, ఉన్న పరిస్థితులను అలాగే ఉంచాలన్న చట్ట నిబంధన యాజమాన్యాన్ని కట్టిపడేయదని ఆ కేసులో కోర్టు తేల్చింది. కాబట్టి గెలిచిన మరునాడే అన్నీ భద్రమని ఎవరైనా చెబితే నమ్మకండి. కాని యూనియన్‌కు ఓటు వేసినందుకు కక్షతో వసతులు కోసివేస్తే అది రెండో సెక్షన్ కిందికి వచ్చే నేరమే. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. రాతపూర్వకమైన ఒప్పందం లేనంత కాలం ఆ వసతులను ఈ రోజు కూడా, యూనియన్ లేకపోయినా, యాజమాన్యం తన ఇష్టప్రకారం మార్చగలదు. తరువాతి సమావేశంలో ఈ ఒక్క ప్రశ్న మర్యాదగా అడిగి చూడండి: ఇప్పుడున్నవి రేపు మారవని రాసి ఇస్తారా?

సమాధానం – గేటు ఏజెంట్

మీ అందరి మాటల మీదా గౌరవంతోనే నా సందేహాలు చెబుతున్నాను. నేనూ విమానయానంలోనే ఉన్నాను, మా వర్గానికి యూనియన్ లేదు. మా జీతం యూనియన్ ఉన్న సంస్థల జీతాలకు సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంటూ వచ్చింది. డెల్టా 2024 ఫిబ్రవరిలో లాభాల్లో వాటాగా ఉద్యోగులకు 140 కోట్ల డాలర్లు పంచింది. అక్కడ పైలట్లకూ డిస్పాచర్లకూ తప్ప పెద్ద వర్గాలకేవీ యూనియన్ లేదు. చందా కట్టకుండానే అంత వస్తుంటే యూనియన్ ఎందుకని అడిగేవారిని తప్పుపట్టలేను.

రెండో సంగతి. యూనియన్ ఉంటే ఉద్యోగం భద్రమని అంటారు. సియాటిల్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ ర్యాంపు కార్మికులకు ఐఏఎం ఉండేది. అయినా 2005 మే నెలలో ఆ సంస్థ 472 మందిని తీసివేసి ఆ పనిని మెన్జీస్ అనే కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చింది. వారికి యూనియన్ ఏం చేయగలిగింది? ఒప్పందం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం, సమ్మె చేయాలంటే ప్రభుత్వం అనుమతి కోసం నిరీక్షించడం, ఇవన్నీ తెలిసి కూడా మన పిల్లలను పోషించుకునే ఉద్యోగాన్ని పణంగా పెట్టాలా అన్నదే నా భయం. నేను ఎవరినీ వద్దనడం లేదు. సమాధానం దొరికితే మనస్ఫూర్తిగా వింటాను.

సమాధానం – మాజీ ఆర్గనైజింగ్ కమిటీ సభ్యురాలు

గేటు ఏజెంట్ గారూ, మీరు అడిగినవే బ్రేక్ రూముల్లో వినిపించే అసలు ప్రశ్నలు. వీటిని దాటవేసే ప్రచారం గెలవదు, గెలిచినా నిలవదు.

చందా గురించి ముందు చెబుతాను. 2019లో డెల్టా తన ర్యాంపు కార్మికుల కోసం ఒక పోస్టరు వేసింది. యూనియన్ చందా ఏడాదికి దాదాపు 700 డాలర్లవుతుంది, ఆ డబ్బుతో కొత్త వీడియో గేమ్ కొనుక్కోవచ్చు అన్నది దాని సారాంశం. దేశమంతటా దాని మీద నిరసన వచ్చింది. 700 డాలర్లు చాలామందికి నిజంగానే పెద్ద మొత్తం, అది వినోదానికి పోయే డబ్బేనని అనుకోవడం మన జీవితాల గురించి తెలియకపోవడమే. చందా ఎంత, ఎప్పటినుంచి వసూలు చేస్తారు, మొదటి ఒప్పందం కుదరక ముందే తీసుకుంటారా అన్నవి మీ యూనియన్‌ను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఒప్పందంలో అటువంటి షరతు చేరితే, చందా తప్పనిసరి చేయకూడదనే రాష్ట్రాల రైట్ టు వర్క్ చట్టాలు ఉన్నా విమానయానంలో చందా తప్పనిసరి కావచ్చు. 1951 నుంచీ రైల్వే లేబర్ యాక్ట్ దానికి వీలు కల్పిస్తున్నది. ఇది దాచిపెట్టి సంతకాలు అడగకూడదు.

లాభాల వాటా మాట నిజమే, అది మంచి మొత్తమే. కాని 2015లో జరిగినదాన్ని చూడండి. లాభాల వాటా లెక్కగట్టే పద్ధతిని మార్చే ప్రతిపాదన డెల్టా పైలట్ల తాత్కాలిక ఒప్పందంలో ఉంటే వారు ఓటు వేసి దానిని తిప్పికొట్టారు. యూనియన్ లేని వర్గాలకు ఆ పద్ధతి యాజమాన్యం ప్రకటనతో మారిపోయింది. జీతం పెంచి మార్చారు, అది కాదనను. నేను చూపదలచుకున్నది మొత్తాన్ని కాదు. ఒకరిని అడగవలసి వచ్చింది, మరొకరికి చెబితే సరిపోయింది.

2020 వసంతం ఇంకా స్పష్టంగా చూపించింది. విమానాలు నిలిచిపోయినప్పుడు డెల్టా తన గ్రౌండ్ ఉద్యోగుల పనిగంటలను నాలుగో వంతు తగ్గించింది. యునైటెడ్ కూడా ఆ మే నెలలో ర్యాంపు, కౌంటర్ ఉద్యోగులను బలవంతంగా పార్ట్‌టైమ్‌కు మార్చబోయింది. అక్కడ ఒప్పందం ఉంది కాబట్టి ఐఏఎం కోర్టుకు వెళ్లింది, యునైటెడ్ వెనక్కి తగ్గి దానిని ఉద్యోగుల ఇష్టానికి వదిలింది. కష్టకాలంలో రెండు సంస్థలకూ డబ్బు కొరతే. తేడా అంతా కాగితం మీద ఉన్న ఒప్పందంలోనే ఉంది.

సియాటిల్ గురించి మీరన్నది కాదనలేను. ఆ 472 మందికి జరిగింది అన్యాయమే, యూనియన్ దానిని ఆపలేకపోయింది. అందుకే పనిని బయటివారికి ఇవ్వడాన్ని అడ్డుకునే నిబంధన, దాన్ని మనవాళ్లు స్కోప్ అంటారు, జీతం కన్నా ముందు బేరమాడవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను. గంటకు ఒక డాలరు ఎక్కువ తెచ్చుకొని స్కోప్‌ను వదులుకున్న ఒప్పందం కన్నా, డాలరు తగ్గినా స్కోప్ బిగువుగా ఉన్న ఒప్పందమే మేలు. అదే 2005లో డిసెంబరు 26న సియాటిల్ నుంచి బర్బ్యాంక్ వెళ్తున్న అలాస్కా విమానం గాలిలో ఉండగా దాని పక్క భాగంలో అడుగు పొడవున రంధ్రం పడి, క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయింది. నేల మీద ఉన్నప్పుడు సామాను పరికరం తగిలింది, తగిలిన సంగతి ఎవరికీ చెప్పలేదు. అదృష్టవశాత్తూ విమానం సురక్షితంగా వెనక్కి వచ్చి దిగింది. విమానానికి తగిలిందని వెంటనే చెప్పగలిగిన కార్మికుడే ప్రయాణికులకు రక్షణ. అలా చెప్పినందుకు వెంటనే ఉద్యోగం పోదని, ముందు విచారణ జరుగుతుందని, ఆ విచారణలో తన పక్కన ఒక ప్రతినిధి కూర్చుంటాడని అతనికి తెలిసి ఉండాలి. ఒప్పందంలో క్రమశిక్షణ గురించిన అధ్యాయం ఎందుకు ముఖ్యమో కొత్తవారికి వివరించేటప్పుడు నేను ఎప్పుడూ ఈ సంఘటననే చెబుతాను.

సమ్మె విషయంలో మీ అంచనా సరైనదే. ఈ చట్టం కింద ఒప్పందాలకు గడువు తీరదు, సవరణ కోరే తేదీ మాత్రం వస్తుంది. బోర్డు మధ్యవర్తిత్వం చేస్తుంది, ఇక లాభం లేదని అది తేల్చి ఇరుపక్షాలనూ మధ్యవర్తిత్వం నుంచి విడుదల చేసిన తరువాత 30 రోజులు ఆగాలి, ఆపైన అధ్యక్షుడు అత్యవసర మండలిని వేస్తే మరింత ఆగాలి. ఓపిక లేనివారికి ఇది నచ్చే చట్టం కాదు. కాని అంతకాలమూ పాత ఒప్పందం అమల్లోనే ఉంటుంది, అందులోని ఏ వాక్యాన్నీ యాజమాన్యం ఒంటరిగా మార్చలేదు.

సమాధానం – ర్యాంపు ఉద్యోగి

అందరికీ కృతజ్ఞతలు. మా స్టేషన్ ఒక్కటే ఎందుకు కుదరదో ఇప్పుడు స్పష్టమైంది. మరొక సంగతి అడుగుతాను. మా పక్కనే వీల్‌చైర్లు తోసేవారూ, క్యాబిన్ శుభ్రం చేసేవారూ కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు. వారు కూడా కార్డు ఇవ్వమని అడుగుతున్నారు. వారిని మాతో కలుపుకోవచ్చా?

సమాధానం – కాంట్రాక్టు క్లీనర్

నేను అటువంటి కంపెనీలోనే పనిచేస్తున్నాను కాబట్టి చెప్పగలను. మీ కార్డు మా చేత సంతకం చేయించకండి, అది లెక్కలోకి రాదు. మా యజమాని వేరు. మేము ఏ చట్టం కిందికి వస్తామన్నదే ఒక వివాదం. మేము చేసే పని సంప్రదాయంగా విమానయాన ఉద్యోగులు చేసేదేనా, మా కంపెనీ మీద విమానయాన సంస్థకు ఎంత అదుపు ఉంది అన్న రెండు ప్రశ్నలను బట్టి అది తేలుతుంది. పోర్ట్‌లాండ్ విమానాశ్రయంలో ఏబీఎం అనే కాంట్రాక్టు కంపెనీ బ్యాగేజీ కార్మికుల విషయంలో ఇదే తగాదా వచ్చింది. వారు గిడ్డంగులకు వర్తించే సాధారణ కార్మిక చట్టం కిందికే వస్తారని, దాన్ని అమలు చేసే లేబర్ బోర్డు అంటే, 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. యూనియన్ కావాలా వద్దా అన్న ప్రశ్న కన్నా ముందు ఏ తలుపు తట్టాలన్న ప్రశ్నకే ఏళ్లు గడిచిపోతాయి.

అందుకే మావాళ్లు కొన్నిచోట్ల మరో దారి పట్టారు. సియాటిల్ విమానాశ్రయం ఉన్న సీటాక్ పట్టణంలో 2013 నవంబరులో గంటకు 15 డాలర్ల కనీస వేతనం కోసం ప్రజల ఓటింగు పెట్టించారు. అది 77 ఓట్ల తేడాతో గెలిచింది. విమానాశ్రయానికి అది వర్తించదని కంపెనీలు కోర్టుకు వెళితే, 2015లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. 2005లో బయటివారి చేతికి పోయిన ర్యాంపు పని జరిగేది కూడా ఆ విమానాశ్రయంలోనే. యూనియన్ గుర్తింపు రాకముందే జీతం పెరగడం ఎలా ఉంటుందో అక్కడివారు చూశారు. మీరు మాకు చేయగలిగిన సాయం ఒకటుంది. మా సమావేశాలకు రండి, మీ బ్రేక్ రూమ్‌లో మా గురించి తక్కువ చేసి మాట్లాడేవారిని ఆపండి. మా జీతం తక్కువగా ఉన్నంతకాలం మీ పనిని మా కంపెనీకి ఇచ్చేయాలన్న ఆలోచన మీ యాజమాన్యానికి పోదు.

సమాధానం – మాజీ ఆర్గనైజింగ్ కమిటీ సభ్యురాలు

కాంట్రాక్టు క్లీనర్ గారి చివరి మాటను మీ కమిటీ సమావేశంలో చదివి వినిపించండి.

ర్యాంపు ఉద్యోగి గారూ, ఇక మీ స్టేషన్‌లో చేయవలసిన పని రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది జాబితా. ప్రతి షిఫ్టులోనూ ఎవరున్నారు, ఎవరు కొత్తగా చేరారు, ఎవరు మానేశారు, ఎవరి కార్డు తేదీ ఎప్పుడు అన్నది వారం వారం సరిచూసుకోవాలి. తేదీ పది నెలలు దాటిన కార్డు కనిపిస్తే అప్పుడే మళ్లీ సంతకం అడగండి, పన్నెండో నెల దాకా ఆగకండి. ఈ సంభాషణలు విరామ సమయంలో, పనిచేసే చోటుకు బయట జరగాలి. సంస్థ కంప్యూటర్లు, సంస్థ ఈమెయిలు అసలు వాడవద్దు.

రెండోది మీ బలాన్ని ఇతర స్టేషన్లకు తీసుకెళ్లడం. మీ దగ్గర ఇప్పటికే సంతకాలు నిండుగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ మరో పది మందిని ఒప్పించడం కన్నా, మీలో ఇద్దరు ముగ్గురు సెలవు రోజుల్లో కార్డులు బాగా తక్కువగా ఉన్న పెద్ద హబ్‌కు వెళ్లి అక్కడి రాత్రి షిఫ్టు వారితో కూర్చోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. ర్యాంపు మీద పనిచేసే మనిషి మాటను ర్యాంపు మీద పనిచేసే మనిషి వింటాడు, బయటి నుంచి వచ్చిన జీతగాడైన ఆర్గనైజర్ మాటకు అంత విలువ రాదు. ఏ హబ్‌లో ఎంత శాతం వచ్చిందో మీ యూనియన్‌ను అడగండి. ఖచ్చితమైన అంకె చెప్పకపోయినా, ఎక్కడ వెనకబడి ఉన్నామో చెప్పడానికి వారికి అభ్యంతరం ఉండదు. వెళ్లేటప్పుడు ఖాళీ కార్డులతోపాటు నల్ల సిరా పెన్నులు కూడా ఎక్కువగా తీసుకెళ్లండి. పేరు, సంతకం, తేదీ మూడూ చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో సంతకం చేసినవారు అక్కడ ఉండగానే చూసుకోండి.